మూలికల కొట్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: షర్బత్‌కని నన్నారి అడిగితే ఒక కొట్లో సన్నటి నల్లవేళ్ళు, ఇంకో కొట్లో బొటనవేలంత లావు కొమ్ములు ఇచ్చారు. ఏవి అసలువి? పోయినేడు చేసిన షర్బత్ పదిరోజులకే పులిసింది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: రెండూ అసలువే, తీగలే వేరు. సన్నవి సుగంధిపాల వేళ్ళు. ఆయుర్వేదంలో శారిబ అంటే ఇదే. లావువి మారేడు కొమ్ములు. శివపూజ మారేడుతో వీటికి చుట్టరికం లేదు. నల్లమల, శేషాచలం కొండల్లో తవ్వితెచ్చే ఇవే మీ వైపు షర్బత్‌లో ఎక్కువగా పడతాయి. వాసన రెండిటిదీ ఒకటే. మందుకైతే సన్నవి కొనండి, షర్బత్‌కు ఏవైనా సరే. కొనేముందు బెరడు గోటితో గీరి వాసన చూడండి. మట్టివాసన తప్ప ఇంకేమీ రాకపోతే అది పాత సరుకు.

100 గ్రాముల ఎండువేళ్ళు మట్టిపోయేలా కడిగి, రోట్లో నలగ్గొట్టి, లోపలి పుల్ల ఏరిపారేయండి. వాసనంతా బెరడులోనే ఉంటుంది. లీటరు నీళ్ళు మరిగించి దించాక బెరడు వేసి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. చాలామంది వేళ్ళతో సహా గంటసేపు కాస్తారు. ఆ పరిమళం ఆవిరితో లేచిపోయే రకం; వంటిల్లు ఘుమఘుమలాడుతుంది, సీసాలో మాత్రం ఏమీ మిగలదు. పొద్దున్నే వడకట్టి, కిలోన్నర పంచదార వేసి కరిగేదాకా మాత్రమే కాచండి. అరచెక్క నిమ్మరసం పిండితే పలుకులు కట్టదు. పంచదార ఎంత వేశారో మీరు రాయలేదు గానీ, పులిసిందంటే అది తగ్గి ఉండాలి, లేదా సీసా తడిగా ఉండాలి. రంగు లేతగా వస్తే బెంగపడకండి, బజారు షర్బత్ నలుపు చాలావరకు కలిపిన రంగే.

ప్రశ్న: చెరువునీళ్ళు తేర్చడానికి చిల్లగింజలు అడిగితే బూడిదరంగు బిళ్లల్లాంటివి ఇచ్చారు. వాడొచ్చా?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: వద్దు! మీ వర్ణన చూస్తే అవి ముష్టిగింజలు. రూపాయి బిళ్లలా చదునుగా ఉండి, పైన పట్టులాంటి నూగు ఉంటే అనుమానమే అక్కర్లేదు. వాటిలోని స్ట్రిక్నిన్ అనే విషం ప్రాణాలు తీస్తుంది. పిల్లలకు అందకుండా పొట్లం కట్టి కొట్లోనే తిరిగిచ్చేయండి. చిల్లగింజ శనగకంటే కాస్త పెద్దగా, గుండ్రంగా ఉంటుంది. దాన్ని సానమీద నీళ్ళతో అరగదీసి, ఆ గంధం బిందెలో కలిపి కదపకుండా ఉంచితే బురద అడుగుకు దిగుతుంది. అయితే క్రిములు చావవు, పైనీళ్ళు వంచుకుని మరిగించాల్సిందే.

ప్రశ్న: ఇంట్లో కొట్టిన త్రిఫల చూర్ణం గరగరలాడుతోంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: గింజలతో కలిపి దంచి ఉంటారు. కరక్కాయ, తానికాయ, ఉసిరి మూడింటికీ పెచ్చులే కావాలి. గింజ తీశాకే సమంగా తూచి, ఎండబెట్టి, దంచి, పలుచటి గుడ్డలో జల్లించండి.