చెరువు చివరి పొలానికి ఏ వరి?

సందేహం: మాది నెల్లూరు జిల్లా వింజమూరు మండలం. చెరువు ఆయకట్టు చివర నాలుగెకరాల మాగాణి, రోజుకు రెండు మూడు గంటలు పోసే ఒక బోరు ఉన్నాయి. నిరుడు నవంబరు మొదట్లో సాంబ మసూరి నారు పోశాం. ఫిబ్రవరి పదికల్లా తూముకు నీళ్లు అందలేదు. పైరు చూడ్డానికి పచ్చగానే ఉంది, కంకులు మాత్రం తాలు. ఎకరానికి పుట్టి (850 కిలోలు) కూడా రాలేదు. ఎండిన చేలో పచ్చగా నిలిచిన దుబ్బులు ఏరి విత్తనం కట్టుకోమని కొందరు అంటున్నారు. జన్యువులు సవరించిన కొత్త వరి వచ్చిందనీ విన్నాం. బెట్టలోనూ గింజనిచ్చే రకం ఏది? ఎలా ఎంచుకోవాలి?

– ఒక రైతు, వింజమూరు మండలం

జవాబు: నాలుగు నెలల కష్టం పొట్ట దశలో తాలైపోతే ఆ బాధ ఎలా ఉంటుందో చేలో నిలబడి చూసినవాణ్ణి. మీ ఉత్తరంలో తేదీలు సరిగ్గా రాశారు కాబట్టి జవాబు అక్కడి నుంచే మొదలుపెడతాను.

సాంబ మసూరి (బీపీటీ 5204) దాదాపు 150 రోజుల పంట. ఏ వరైనా కంకి ఈనినాక కోతకు రావడానికి ఇంచుమించు నెల పడుతుంది. అంటే నవంబరు ఒకటిన నారు పోస్తే ఫిబ్రవరి ఆఖరుకు గానీ ఈనదు. మీ చెరువు ఫిబ్రవరి పదికి ఆగింది. అప్పటికి పైరు పొట్ట మీద ఉంది, అంటే వెన్ను ఇంకా బయటికి రాలేదు. ఈనడానికి పది పన్నెండు రోజుల ముందు వెన్ను లోపల పుప్పొడి తయారవుతుంది. వరి జీవితంలో బెట్టకు అంతకన్నా సున్నితమైన సమయం లేదు. అప్పుడు నీరు తప్పితే పుప్పొడి చచ్చుబడుతుంది, గింజ కట్టదు. ఆకు మాత్రం పచ్చగానే ఉంటుంది. మీరు చూసింది అదే. అదే బెట్ట పిలకల దశలో వచ్చి ఉంటే తర్వాత ఒక వాన పడగానే పైరు చాలా వరకు తేరుకునేది.

120 రోజుల రకమైతే జనవరి ఆఖరుకు ఈని, నీళ్లు ఆగేనాటికి పాలు పోసుకుంటూ ఉండేది. మీ బోరు ఇచ్చే ఒకటి రెండు తడులు దాన్ని గట్టెక్కించేవి. అందుకే రకం పేరు కన్నా ముందు మీ చెరువును లెక్కవేయండి. గత ఐదారేళ్లలో తూము ఏ తేదీకి ఆగిందో నీరుకట్టును, పెద్దలను అడిగి రాసుకోండి. ఆ తేదీకి పది రోజుల ముందే ఈనిక ముగిసే రకమే మీ పొలానికి తగినది. మొలగొలుకుల నాటి దీర్ఘకాలిక వరి నిండు చెరువులకు సరిపోయింది గానీ, ఈశాన్య రుతుపవనం తప్పిన ఏడు ఆయకట్టు చివర అది నిలవదు.

అయితే స్వల్పకాలిక రకం బెట్టను తప్పించుకుంటుంది, తట్టుకోదు. ఈ రెండింటి తేడా తెలియకే చాలామంది మోసపోతారు. 105 రోజుల రకాన్నీ 150 రోజుల రకాన్నీ పక్కపక్కన వేసి, నీళ్లు ఆగినాక మొదటిది బాగా పండితే అది బెట్ట రకమని పేరు పెట్టేస్తారు. అది నీళ్లుండగానే ఈనేసింది, అంతే. వచ్చే ఏడాది చెరువు జనవరి మొదట్లోనే ఆగితే దాని బండారం బయటపడుతుంది. తట్టుకునే గుణం చూడాలంటే ఒకే కాలపు రకాలను, ఒకేసారి ఈనేవాటిని పోల్చాలి.

ఇక పచ్చని దుబ్బులు ఏరే సంగతి. ఈ శ్రమ పడొద్దు. వరి స్వపరాగ సంపర్కం చేసే పంట, అంటే తన పుప్పొడితోనే తాను గింజ కడుతుంది. స్వచ్ఛమైన సాంబ మసూరి మడిలో దుబ్బులన్నీ దాదాపు ఒకే జన్యువులవి. పచ్చగా నిలిచినది పల్లంలో ఉండి ఉంటుంది, గట్టు ఊట తగిలి ఉంటుంది. దాని విత్తనం కట్టినా మళ్లీ అదే సాంబ మసూరి.

శాస్త్రవేత్తలమూ చాలా కాలం ఇలాంటి పొరపాటే చేశాం. వేరు పొడవు, ఆకు చుట్టుకోవడం చూసి రకాలు ఎంచేవాళ్లం. కరువులో దిగుబడిని నేరుగా చూసి ఎంచడం కుదరదనుకున్నాం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ నమ్మకాన్ని మార్చింది. పొట్ట దశలో కావాలని నీళ్లు తీసేసి, చివరికి గింజను తూచి ఎంచితే దిగుబడి గుణం తర్వాతి తరాలకు నిలుస్తుందని తేల్చింది. నీళ్లున్న మడిలోనూ దిగుబడి తగ్గని వాటినే ఉంచడం అందులో కీలకం. కరువులో నాలుగు బస్తాలు ఎక్కువిచ్చి, మంచి ఏడాది పది బస్తాలు ముంచే రకం మీకెందుకు? 2010లో విడుదలైన సహభాగి ధాన్ ఆ దారిలో వచ్చిందే. 2014లో వచ్చిన డీఆర్‌ఆర్ ధాన్ 42, ఐఆర్ 64 అనే పాత రకానికి కరువులో దిగుబడి నిలిపే రెండు జన్యు భాగాలు చేర్చి తయారుచేసినది.

మీరూ ఇదే పద్ధతిలో చూడండి. నెల్లూరు పరిశోధన స్థానం ఇచ్చిన నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449), కాటన్ దొర సన్నాలు (ఎంటీయూ 1010), డీఆర్‌ఆర్ ధాన్ 42 తీసుకోండి. మూడూ 115 నుంచి 125 రోజులవే. ఒక్కోటి బోరు పక్క మడిలో ఐదు సెంట్లు, చివరి మెరక మడిలో ఐదు సెంట్లు నాటండి. మెరక మడికి పక్క మడి ఊట రాకుండా మధ్యలో చిన్న కాలువ తీయండి. చిరుపొట్ట కనిపించగానే అక్కడ నీళ్లు తీసేయండి. నేల నెర్రెలిచ్చి, పొద్దున్నే కూడా ఆకు చుట్టుకొని కనిపించాక ఒక తడి ఇవ్వండి. ఏ రకం ఏ రోజు ఈనిందో రాసుకోండి. బెట్టలో ఈనిక బాగా వెనక్కిపోయిన రకం తట్టుకోలేకపోతోందని గుర్తు.

కోతలో ప్రతి మడి నడుమ ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున కోసి, నూర్చి, తూర్పారబట్టి, ఎండబెట్టి తూయండి. ఐదుంబావు కిలోలు వస్తే ఎకరానికి ఒక పుట్టి, అంటే 850 కిలోలు. కంకి బరువుగా ఊగుతోందని కంటితో తేల్చవద్దు, తాలు కూడా ఊగుతుంది.

మిగతా పొలంలో ఈ ఏడాదికి నెల్లూరు మసూరి వేయమంటాను. సన్నగింజ కాబట్టి మిల్లర్లు వెనక్కి పంపరు, అగ్గితెగులునూ తట్టుకుంటుంది. బెట్ట తగిలిన పైరుకు డిసెంబరు, జనవరి మంచులో మన దగ్గర ఆ తెగులే పెద్ద శత్రువు. యూరియా మోతాదు మించవద్దు. బోరు నీళ్లు పిలకల దశలో ఖర్చుపెట్టకుండా పొట్ట నుంచి ఈనిక దాకా దాచండి. తడి మరీ ఆలస్యమైతే లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి పిచికారీ చేస్తే కొంత ఊరట.

జన్యువులు సవరించిన వరి మాట నిజమే. 2025 మే 4న కేంద్రం రెండింటిని ప్రకటించింది. వాటిలో పూసా డీఎస్‌టీ రైస్ 1 మన కాటన్ దొర సన్నాల నుంచే తయారైంది, బెట్టనూ చౌడునూ తట్టుకునేలా సవరించారు. నేనూ దాని మీద ఆశ పెట్టుకున్నాను. ఆ పేరు చెప్పి ఎవరైనా ట్యాగు లేని సంచుల్లో విత్తనం అమ్మితే మాత్రం కొనకండి.

మూడు రకాల ఈనిక తేదీలు, తూకాలు రాసి కోత అవగానే పంపండి. మీ చెరువు ఆగిన తేదీతో కలిపి చూసి, వచ్చే ఏడాది నాలుగెకరాలకూ ఏది వేయాలో రాస్తాను.