ఎడారి ఎండని చిన్న కవితలో ఎలా పెట్టాలి?

ప్రశ్న: మేడమ్, మేం అరిజోనాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాం. ఆగస్టు, సెప్టెంబర్ ఎండ మీద మూడేసి లైన్ల కవితలు రాస్తున్నా, కానీ ఏది రాసినా పాత మాటలే వస్తున్నాయి. మచ్చుకి ఒకటి: "రోహిణి కార్తె ఎండ / నెర్రెలిచ్చిన నేల / చినుకు కోసం ఎదురుచూపు". ఏం మార్చాలి?

జవాబు: మీ కవిత చదవగానే నాకు అనంతపురం కనపడిందండీ, అరిజోనా కనపడలేదు. రోహిణి కార్తె మే చివర్లో వస్తుంది, అది అయ్యాక మనకి తొలకరి. మీ దగ్గర జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా మాన్సూన్ సీజన్ అంటారు, అంటే వాన రావాల్సిన రోజుల్లోనే మీరు ఎండ గురించి రాస్తున్నారు, అసలు బాధంతా అక్కడే ఉంది కదా! 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 ఫారన్‌హీట్‌కి తగ్గలేదు, ఆ మాన్సూన్ మొత్తానికీ ఎయిర్‌పోర్ట్‌లో పడింది 0.15 అంగుళం, నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. మబ్బు వచ్చి, ఉరిమి, వాన కిందికి దిగుతూ దిగుతూ గాల్లోనే ఆవిరైపోవడం మీరు చూసే ఉంటారు, దాన్ని వర్గా అంటారు. "ఎదురుచూపు" అనే మాట తీసేసి అది పెట్టండి:

కొండ మీంచి వాన
సగం దూరం దిగింది.
కింద దుమ్ము కదల్లేదు.

ఇంక సగువారో. ఆ పెద్ద కాక్టస్ ఒంటి నిండా నిలువు మడతలుంటాయి, నీళ్లు తాగితే విచ్చుకుంటాయి, ఎండిపోతే దగ్గరకి ముడుచుకుంటాయి. ఇంటి దగ్గర ఒక సగువారోని ఎంచుకుని వారానికోసారి చూడండి, కరువు ఎంత ముదిరిందో అదే చెప్తుంది.

సగువారో మడతలు
దగ్గరకొచ్చాయి.
నీడ కూడా సన్నబడింది.

ఇది పగలు ఊపిరి బిగపట్టి రాత్రి చల్లబడ్డాకే రంధ్రాలు తెరిచే చెట్టు. 2023లో రాత్రుళ్లు కూడా చల్లబడకపోయేసరికి ఫీనిక్స్‌లో కొన్ని సగువారోల చేతులు, అంటే కొమ్మలు, విరిగి పడ్డాయి, కొన్ని మొత్తంగా కూలిపోయాయి. నాకైతే ఆ వార్త చదివినప్పుడు ఇంట్లో పెద్దాయన పోయినట్టే అనిపించింది. దాని మీద మీరు రాయండి, అక్కడుండి చూసిన మీరే రాయాలి.

మధ్యాహ్నం పిట్టలన్నీ నోరు మూసుకున్నాక కూడా సికాడాలనే పురుగులు అరుస్తూనే ఉంటాయి కదా, అక్కడి అపాచీ సికాడా చెట్టు రసం పీల్చి ఆ నీటితో చెమట పట్టించుకుని ఒళ్లు చల్లబరుచుకుంటుందట. ఎండ అనే మాట రాయకుండా ఆ ఒక్క గోల వినిపిస్తే చాలు, చదివేవాడికి ఒళ్లు కాలుతుంది. పాలోవెర్డే చెట్టు కరువులో ఆకులు రాల్చేసి పచ్చటి బెరడుతోనే బతుకుతుంది, ఇదీ బాగుంటుంది. క్రియోసోట్ పొద తడిస్తే వచ్చే వాసన మాత్రం వాన పడ్డ రోజుకి దాచుకోండి.

హైకూలో లాగా అయిదు, ఏడు, అయిదు అని అక్షరాలు లెక్కపెట్టే పని ఇప్పుడొద్దు, మూడు లైన్లు చాలు, ఉపమానం ఒక్కటి కూడా వద్దు. ప్రతి కవిత కింద తేదీ వెయ్యండి, ఆగస్టు మొదట్లో చూసిన సగువారో సెప్టెంబర్ చివరికి అలాగే ఉండదు. ఒక పది రాశాక పంపండి, కూర్చుని చదువుతా.