మయస్థీనియా ఉన్నవారికి విరేచనాలైతే మెడికల్ షాపు మాత్రలు వేయొచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. మా నాన్నగారికి 62 ఏళ్లు. రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, నమలలేకపోవడంతో పరీక్షలు చేయిస్తే మయస్థీనియా గ్రేవిస్ (కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు) అన్నారు. రెండు నెలలుగా కండరాల బలానికి పిరిడోస్టిగ్మిన్ 60 మి.గ్రా. రోజుకు మూడు (ఉదయం 9, మధ్యాహ్నం 3, రాత్రి 10), ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ 20 మి.గ్రా. వాడుతున్నారు. గతవారం విరేచనాలైతే మెడికల్ షాపులో ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్రలు ఇచ్చారు. అప్పటినుంచి నీరసం పెరిగింది, రాత్రి అన్నం మింగడం కష్టమవుతోంది. పిరిడోస్టిగ్మిన్ ఇంకొకటి పెంచవచ్చా? షుగర్ పెరుగుతోంది కాబట్టి స్టెరాయిడ్ ఆపేయొచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మింగడం కష్టమవుతోందంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఈరోజే న్యూరాలజిస్టుకు చూపించండి. నీళ్లు తాగితే పొలమారడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, ఒకే ఊపిరిలో 20 దాకా లెక్కపెట్టలేకపోవడం... వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, కేజీహెచ్‌కో వెంటిలేటర్ ఉన్న దగ్గరి ఆస్పత్రికో తీసుకెళ్లండి. ఆక్సీమీటర్‌లో 98 ఉంది కదా అని ధైర్యపడొద్దు. ఈ జబ్బులో ఊపిరి కండరాలు బాగా అలసిపోయాక గానీ ఆ అంకె తగ్గదు.

ఓఫ్లాక్సాసిన్ మాత్రలు మిగిలి ఉంటే ఇక వేయకండి. నరం నుంచి కండరానికి సందేశం చేరే చోటే మయస్థీనియా దెబ్బతీస్తుంది. ఈ తరగతి యాంటీబయోటిక్స్ కూడా అక్కడే అడ్డుపడతాయి. పైగా ఆ విరేచనాలు చాలావరకు పిరిడోస్టిగ్మిన్ వల్లే అయి ఉండొచ్చు. అది పేగుల కదలికనూ పెంచుతుంది. జ్వరం, రక్తం, జిగట లేకపోతే ముందు ఓఆర్‌ఎస్ ఇవ్వండి. మాత్రతో పాటు రెండు బిస్కెట్లో చిన్న అరటిపండో తినిపిస్తే కడుపులో మెలితిప్పడం తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే దానికి వేరే మాత్ర ఉంది, డాక్టరే రాస్తారు. విరేచనాలతో పొటాషియం పోతే కండరాలు ఇంకా నీరసిస్తాయి, స్టెరాయిడ్ వాడేవారిలో మరీను. అందుకే పొటాషియం పరీక్ష కూడా అడగండి.

ఇక మోతాదు. నాకైతే మాత్రల సంఖ్య కంటే వేళలే తేడాగా కనిపిస్తున్నాయి. పిరిడోస్టిగ్మిన్ పనిచేయడానికి అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది, 3–4 గంటలు ఉంటుంది. మధ్యాహ్నం 3కి వేసుకున్నది రాత్రి 8 భోజనానికి అయిపోతుంది. 10 గంటలకు వేసుకున్నది నిద్రలో పోతుంది. ఉదయం టిఫిన్‌కు, మధ్యాహ్నం అన్నానికి, రాత్రి భోజనానికి ముప్పావు గంట ముందు పడేలా మార్చవచ్చా, సాయంత్రం మధ్యలో అర మాత్ర అవసరమా అని న్యూరాలజిస్టును అడగండి. ఈరోజు వెళ్లడం మాత్రం ఆపొద్దు, మళ్లీ చూపించేటప్పటికి నాలుగు రోజులు మాత్ర వేసిన టైము, రెప్ప వాలిన టైము కాగితం మీద రాసి తీసుకెళ్తే ఆయనకు పని తేలిక.

మీ అంతట మీరు మాత్ర పెంచొద్దు. మోతాదు మించినా నీరసమే వస్తుంది. అప్పుడు నోట్లో లాలాజలం ఊరిపోవడం, చెమటలు, కడుపునొప్పి, కండరాలు అదరడం తోడవుతాయి. ఒక డోసు మరిచిపోతే తర్వాతి వేళకు రెండు కలిపి వేయకూడదు. ఎక్కువసేపు పనిచేసే రకం మాత్ర రాస్తే దాన్ని నూరకూడదు, నమలకూడదు.

దగ్గుకు అజిత్రోమైసిన్, మూత్రంలో మంటకు సిప్రోఫ్లాక్సాసిన్, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, బీపీకి మెటోప్రొలాల్, నీటికాసులకు టిమోలాల్ చుక్కలు... వీటన్నిటితోనూ జాగ్రత్త అవసరం. కంటి చుక్కలే కదా అనుకుంటారు, అవి కూడా రక్తంలోకి వెళ్తాయి. అరకు, పాడేరు వైపు వెళ్లొచ్చాక జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించి, మలేరియా మందులైన క్లోరోక్విన్, క్వినైన్ రాసేలోపే జబ్బు పేరు చెప్పండి. పన్ను తీయించుకునే ముందూ, ఆపరేషన్ మత్తుకు ముందూ అంతే. జ్వరానికి పారాసిటమాల్ వాడొచ్చు. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ అయితే అమాక్సిసిలిన్ లాంటి మందులు సాధారణంగా ఇబ్బంది పెట్టవు, అదీ డాక్టర్ రాస్తేనే.

స్టెరాయిడ్ మాత్రం ఒక్కసారిగా ఆపకండి. రెండు నెలలుగా వాడుతున్నారు కాబట్టి శరీరం సొంతంగా చేసుకునే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోవచ్చు, మయస్థీనియా తిరగబెట్టవచ్చు. తగ్గించాల్సి వస్తే డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ప్రెడ్నిసోలోన్ ఉదయం టిఫిన్ తర్వాత వేయండి. దానివల్ల షుగర్ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువగా పెరుగుతుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేస్తే అది బయటపడదు. మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకు కూడా చూసి, ఆ అంకెలతో షుగర్ మందు సరిచేయించండి.