అడీనియం మొదలు మెత్తబడితే ముందు నీళ్ళ చెంబు దాచేయండి

"రోజూ నీళ్ళు పోస్తున్నా అడీనియం ఆకులు పండిపోయి రాలుతున్నాయి, మొదలు మెత్తబడింది, ఏ ఎరువు వెయ్యాలి?" అని అడిగారు. ఏ ఎరువూ వద్దండీ. ఆ రోజూ పోస్తున్న నీళ్ళే దాని జబ్బు.

సగం తప్పు దీనికున్న 'ఎడారి గులాబీ' అన్న పేరుది. గులాబీ అనగానే పొద్దున్నే చెంబు పట్టుకుని బయల్దేరతారు. ఇది గన్నేరు వంశం. పుట్టిల్లు సహారాకు దిగువన సాహెల్, తూర్పు ఆఫ్రికా, అరేబియా రాతి నేలలు. అడీనియం అన్న పేరు యెమెన్‌లోని ఏడెన్ రేవు మీదే వచ్చింది. బొద్దుగా ఉండే మొదలే దాని నీళ్ళ తొట్టి.

వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉండి కాస్త ముడతలు పడితే దాహం. వేలు లోపలికి దిగి, తోలు జారిపోతూ పులిసిన వాసన వస్తే కుళ్ళు. ఆకులు రెండింటికీ రాలతాయి, అక్కడే అందరూ బోల్తా పడేది.

కుళ్ళైతే ఇవాళే కుండీలోంచి పీకి వేళ్ళు కడగండి. గ్లౌజులు వేసుకోండి, దాని రసం విషం. ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. కత్తిని ప్రతి కోతకూ స్పిరిట్‌తో తుడుస్తూ గోధుమరంగు భాగమంతా తీసేయండి. కోసిన చోట తెల్లగా, పచ్చి బంగాళాదుంపలా గట్టిగా కనబడేదాకా కొయ్యడం ఆపొద్దు. పెసరగింజంత మచ్చ మిగిలినా మళ్ళీ పాకుతుంది. మొదలు సగం పోయినా బతుకుతుంది. కోతకు సాఫ్ అనే బూజు మందు పొడి అద్ది, నీడలో గాలి తగిలేలా తలకిందులుగా వేలాడదీయండి. వారం పది రోజులకు గాయం ఎండి బిరుసెక్కుతుంది. అప్పుడు నాటి, మరో వారం చుక్క నీరు పొయ్యకండి.

కుండీలో నింపే మిశ్రమానికి మూడు పాళ్ళు జల్లించిన ముతక ఇసుక, రెండు పాళ్ళు బఠాణీగింజంత ఇటుక ముక్కలు, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. వీడియోల్లో ప్రతి మొక్కకీ కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలపమంటారు. వానాకాలంలో అది తడిబట్టలా వేళ్ళకు చుట్టుకుంటుంది. కుండీ కింద పళ్ళెం కూడా తీసేయండి. ముసురు పట్టినప్పుడు సన్‌షేడ్ కిందకు జరిపి, తెరిపివ్వగానే 6 గంటల ఎండ పడేచోట పెట్టండి.

పూల సంగతి మీరు అడగలేదు గానీ, ఫిబ్రవరిలో కొమ్మలు కత్తిరించండి, కొత్త చిగుళ్ళ కొనలకే మొగ్గలొస్తాయి. యూరియా వేస్తే ఆకులే మిగులుతాయి. జంట కొమ్ముల్లా కాయలు కాస్తే పగలకముందే దారం చుట్టండి. గింజకు రెండు కొసలా దూది కుచ్చు ఉంటుంది, పగిలితే పక్కింటి డాబా మీద ఏరుకోవాల్సిందే.