వాంతులు ఎన్నన్నది కాదు, మూత్రం ఎప్పుడన్నది చూడండి

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. మొన్న రాత్రి అన్నం తిన్న గంటకు మొదలై, తెల్లవారేలోగా ఐదుసార్లు వాంతి చేసుకున్నాడు. ఏం పట్టినా కక్కేస్తున్నాడని మా అత్తగారు నీళ్లు కూడా మాన్పించారు. ఉదయానికి తేరుకున్నాడు కానీ, ఇలాంటప్పుడు ఎంతవరకు ఇంట్లో చూసుకోవచ్చో, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలో తెలియజేయగలరు.
– ఒక తల్లి, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ అత్తగారి ఆదుర్దా అర్థం చేసుకోదగినదే కానీ, నీళ్లు మాన్పించడం మాత్రం పొరపాటు. ఈ వయసు పిల్లల్లో వాంతులు చాలావరకు వైరస్ వల్ల వచ్చి ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. ప్రమాదమంతా ఒంట్లో నీరు తగ్గిపోవడంలోనే ఉంటుంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, ఓఆర్ఎస్ ద్రావణాన్ని రెండు నిమిషాలకొక చెంచా చొప్పున పట్టండి. చెంచాకు 5 మిల్లీలీటర్లే అయినా గంటకు 150 మిల్లీలీటర్లు లోపలికి వెళ్తుంది. దాహంతో ఉన్న బిడ్డ గ్లాసు లాక్కుని గటగటా తాగబోతాడు. అప్పుడు జాలిపడి ఇచ్చేస్తే అదంతా తిరిగి బయటికి వస్తుంది. ప్యాకెట్టుపై రాసిన కొలత నీటిలో పొడి మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటల తరువాత మిగిలింది పారబోయాలి. తీపి పండ్లరసాల డబ్బాలు దీనికి బదులు కావు. తల్లిపాలు తాగే బిడ్డకు పాలు ఆపకూడదు.

ఎనిమిది గంటలైనా మూత్రం పోయకపోతే (ఏడాదిలోపు బిడ్డ అయితే ఆరు గంటలకే), ఏడుస్తున్నా కన్నీళ్లు రాకపోతే, నాలుక పిడచకట్టుకుపోతే, కళ్లు లోపలికి పోతే, పసిబిడ్డకైతే మాడు గుంటపడితే, ఆ రోజే వైద్యునికి చూపించండి. చెంచాలతో పట్టినదీ నిలవకపోయినా, వాంతులు 24 గంటలు దాటినా, బిడ్డకు మూడు నెలలు నిండకపోయినా అంతే.

కొన్ని లక్షణాలకు మాత్రం ఒక్క గంట కూడా ఆగకూడదు. ‘పసరు పడిపోయింది, ఇక తగ్గుతుంది’ అనే మాట మన ఇళ్లలో తరచూ వింటుంటాను. కానీ ఆకుపచ్చని వాంతి పేగు మెలిపడిందనో, అడ్డుపడిందనో చెప్పే సూచన కావచ్చు కనుక, వాంతి పడిన తువ్వాలునో, దాని ఫొటోనో వెంట తీసుకుని వెంటనే బయలుదేరండి. రక్తం పడినా, బిడ్డ మోకాళ్లు ముడుచుకుని ఉండుండి కెవ్వుమని ఏడ్చినా, తలకు దెబ్బ తగిలాక వాంతులైనా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, పిలిస్తే పలకనంత మగతగా ఉన్నా అత్యవసరమే. మూత్రం విషయంలో ఒక మినహాయింపు ఉంది: కొద్ది రోజులుగా విపరీతంగా నీళ్లు తాగుతూ, ఎక్కువగా మూత్రం పోస్తూ, చిక్కిపోయిన బిడ్డ వాంతులతో ఎగశ్వాస తీస్తుంటే అది మధుమేహం కావచ్చు, అక్కడ మూత్రం బాగానే ఉందని ధీమా పడకూడదు.

అర్ధరాత్రి బండి దొరకకపోతే 108కి ఫోన్ చేయండి. రెడ్ హిల్స్‌లోని నీలోఫర్ ప్రభుత్వ ఆసుపత్రి ప్రత్యేకంగా పిల్లల కోసం, మహిళల కోసం ఉంది. అంతకన్నా దగ్గరలో పిల్లల వైద్యులున్న ఆసుపత్రి ఉంటే ముందు అక్కడికే వెళ్లండి. బిడ్డ చివరిసారి మూత్రం పోసిన సమయం గుర్తుపెట్టుకుని వెళ్లండి, వైద్యులు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.