రాని ఫోన్‌కి ప్రీ-బుకింగా?

ప్రశ్న: త్వరలో రాబోయే ఒక ఫోన్ కోసం చూస్తున్నాను సర్. 200 మెగాపిక్సెల్ కెమెరా, 7000 ఎంఏహెచ్ బ్యాటరీ, 24 జీబీ ర్యామ్ అని లీకులొస్తున్నాయి. నా పాత ఫోన్ చార్జింగ్ ఒక పూట కూడా నిలవట్లేదు. ఆగమంటారా? వాట్సాప్‌లో ఏపీకే (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైల్) వస్తే వేసుకుని, 499 రూపాయలు కట్టి ప్రీ-బుకింగ్ కూడా చేశాను.

జవాబు: కెమెరా సంగతి తర్వాత. ముందు ఆ పాత ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆపేయండి.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కంపెనీ ధర కూడా చెప్పని ఫోన్‌కి బుకింగ్ ఏమిటండీ? ఇలాంటి ఉత్తరాలు నాకు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. ఆ యాప్ ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ అడిగిందా? మీరు ‘అలో’ నొక్కి ఉంటే బ్యాంకు ఓటీపీలు నేరుగా వాళ్లకి పోతాయి. ‘యాక్సెసిబిలిటీ’ కూడా ఇచ్చారంటే మరీ ప్రమాదం. స్క్రీన్ మీద ఉన్నదంతా చదువుతుంది, మీ బదులు తనే బటన్లు నొక్కుతుంది. తీసేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్తే, అన్‌ఇన్‌స్టాల్ కనబడేలోపే మిమ్మల్ని హోమ్ స్క్రీన్‌కి నెట్టేయగలదు. అలా చేస్తుంటే ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో, అంటే మనం వేసుకున్న యాప్‌లు నడవని పద్ధతిలో, తెరిచి తీసేయండి. ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఇంకా మంచిది. ఈలోగా ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. కార్డుతో కట్టి ఉంటే కార్డు బ్లాక్ చేయించండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు ఇవ్వండి. 499 రూపాయలే కదా అని ఊరుకోవద్దు, వాళ్లకి కావలసింది ఆ 499 కాదు.

ఇక లీకులు. 24 జీబీ అన్నది చాలాసార్లు 12 జీబీ అసలు ర్యామ్, స్టోరేజీ నుంచి అరువు తెచ్చుకున్న ఇంకో 12. 200 మెగాపిక్సెల్ సెన్సర్ మామూలుగా పదహారేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది. సెన్సర్ సైజెంతో చెప్పకుండా ఈ అంకె ఒక్కటే ఊదరగొట్టడం నాకు చిరాకు. ‘బీఐఎస్‌లో (మన ప్రమాణాల సంస్థ జాబితాలో) కనిపించింది’ అంటారు, అక్కడ ఉండేది మోడల్ నంబరే, కెమెరా వివరాలు కాదు. ఫోన్ వేగం కొలిచే బెంచ్‌మార్క్ స్కోరంటారా, ఫోన్‌లో మోడల్ పేరు మార్చి ఎవరైనా ఎక్కించొచ్చు. కాస్త నమ్మదగింది టెనా రికార్డు, అంటే చైనాలో ఫోన్లకిచ్చే ధ్రువీకరణ వివరాలు. బరువు, కొలతలు, బ్యాటరీ రేటెడ్ కెపాసిటీ అందులో ఉంటాయి. రేటెడ్ అంకె ప్రకటనలో వేసే ‘టిపికల్’ అంకె కన్నా కొంచెం తక్కువ ఉంటుంది, అది చూసి మోసపోయామనుకోకండి.

సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎన్నేళ్లిస్తారన్న లీకు మాత్రం ఎవరూ పెద్దక్షరాల్లో వేయరు. కెమెరా చుట్టూ రింగు ఏ రంగో మూడు నెలల ముందే తెలిసిపోతుంది, ఇది మాత్రం ఫోన్ కొని రెండేళ్లయ్యాక, అప్‌డేట్లు ఆగిపోయినప్పుడు తెలుస్తుంది.

మీకున్న కష్టం బ్యాటరీ ఒక్కటే. ఆ ఏపీకే వదిలించుకున్నాక సర్వీస్ సెంటర్‌లో కొత్త బ్యాటరీ వేయించుకోండి.