ఆర్ నేర్చుకున్నాను, పైథాన్ అడుగుతున్నారు: ఏం చేయాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. జిల్లాలవారీ పంట దిగుబడులపై ప్రాజెక్టు మొత్తం ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేశాను. ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం ఎక్కువగా పైథాన్ అడుగుతున్నారు. ఆర్‌ను వదిలేయాలా?

జవాబు: వదలనవసరం లేదు. రిగ్రెషన్, శాంపిలింగ్ వంటి అంశాల్లో మీరు సంపాదించిన పట్టు భాష మారితే పోయేది కాదు. పైథాన్ సింటాక్స్‌తో పాటు, ఒక భాషలోని అర్రేను (వరసల్లో పేర్చిన అంకెల అమరికను) రెండో భాషలో డేటా ఫ్రేమ్‌గా (నిలువు వరసలకు పేర్లున్న పట్టికగా) తప్పు లేకుండా మార్చడం నేర్చుకోండి. అభ్యర్థుల్లో చాలామంది ఉపేక్షించేది దీన్నే.

ఉదాహరణకు, 1 నుంచి 6 వరకు అంకెలను రెండు అడ్డు వరసలు, మూడు నిలువు వరసలుగా పేర్చమంటే, పైథాన్‌లో అర్రేల కోసం వాడే నంపై లైబ్రరీ మామూలుగా అడ్డంగా నింపుతుంది కాబట్టి మొదటి అడ్డు వరసలో 1, 2, 3 వస్తాయి. ఆర్ నిలువుగా నింపుతుంది కాబట్టి 1, 3, 5 వస్తాయి. ఆర్‌ను పైథాన్‌తో కలిపే రెటిక్యులేట్ ప్యాకేజీ ద్వారా నేరుగా పంపితే ఈ తేడాను అదే సర్దుతుంది. అర్రేను ఒకే వరసగా విడదీసి ఫైల్లో రాసి, అవతల మళ్లీ పేర్చేటప్పుడే చిక్కు వస్తుంది. అప్పుడు ఎర్రర్ ఏదీ కనిపించదు, మొత్తం సగటు కూడా సరిపోతుంది, నిలువు వరసల సగటులు మాత్రం తారుమారవుతాయి.

మీ ప్రాజెక్టులో జిల్లా, పంట, సంవత్సరం అనే మూడు కొలతల అర్రే ఉందనుకుందాం. 10 జిల్లాలు, 4 పంటలు, 5 సంవత్సరాలైతే పట్టికలో 200 అడ్డు వరసలు రావాలి. దిగుబడితో పాటు ఆ మూడు పేర్లకూ విడివిడిగా నిలువు వరసలుండాలి. అర్రేతో పాటు పేర్లను పంపకపోతే ఏ అంకె ఏ జిల్లాదో తర్వాత తెలియదు.

ఖాళీ విలువల సంగతీ చూసుకోవాలి. ఆర్‌లో పూర్ణాంకాల వరసలో ఖాళీలున్నా అవి పూర్ణాంకాలుగానే ఉంటాయి. అదే వరసను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా) పైథాన్‌లో పట్టికల కోసం వాడే పాండాస్‌ లైబ్రరీలోకి తెస్తే, అది పూర్ణాంకమా, అక్షరాలా అన్న రకం చెప్పకపోతే, 12 కాస్తా 12.0 అవుతుంది. సున్నాతో మొదలయ్యే కోడ్‌లకు ముందున్న సున్నా కూడా పోతుంది. రకాలను ఫైల్లోనే నిలుపుకొనే పార్కే అనే రూపంలోని ఫైళ్లు ఇలాంటి పనికి మేలు.

కాబట్టి కొత్త ప్రాజెక్టు వెతుక్కోకుండా, ఉన్నదాన్నే పైథాన్‌లోకి మార్చి, రెండు వైపులా అడ్డు వరసల సంఖ్య, ఖాళీల సంఖ్య, ప్రతి నిలువు వరస మొత్తం సరిపోల్చిన పట్టికను రెజ్యూమెకు జతచేయండి. ఇంటర్వ్యూలో ముందుగా దాన్నే చూపండి.